సెల్ఫీని సూదితో కుడితే

2016లో లండన్‌కు చెందిన హన్నా హిల్ ఒక పిడికిలిని కుట్టారు. పసుపు స్వెటర్, నీలం జీన్స్, వాటి మధ్య బిగుసుకున్న గోధుమరంగు పిడికిలి. 'ఆర్థర్' అనే పిల్లల కార్టూన్‌లోంచి ఎవరో కత్తిరించి వదిలిన ఈ ముక్క ఆ ఏడాది సామాజిక మాధ్యమాల్లో ఎక్కడ చూసినా కనిపించేది. కోపాన్ని పంటి బిగువున ఆపుకుంటున్న మనిషికి అది గుర్తు. పైన ఎవరికి తోచిన మాట వాళ్లు రాసుకునేవారు. ఇలా చేతులు మారుతూ, మాట మారుతూ తిరిగే బొమ్మనే మీమ్ అంటున్నాం. హిల్ తన మాటను టైపు చేయకుండా దారంతో కుట్టారు. ఎంబ్రాయిడరీని 'ఆడవాళ్ల పని' అనుకోవడం వల్ల చరిత్రలో దానికి కళగా విలువ దక్కలేదని గుర్తొచ్చినప్పుడు పిడికిలి ఇలా బిగుసుకుంటుందని ఆ మాటల సారం.

ఆ గుడ్డముక్కను ఫొటో తీసి పెట్టగానే అది కూడా మీమ్‌లాగే ప్రపంచమంతా తిరిగింది. చిక్కంతా ఇక్కడే ఉంది. తెర మీద పుట్టిన బొమ్మ గుడ్డ మీదికి దిగింది, గుడ్డ మీది నుంచి మళ్లీ తెరకెక్కింది. అంతమంది ఇష్టపడింది కుట్టునా, కుట్టు ఫొటోనా? ఈ పదేళ్లలో సెల్ఫీలను, ట్వీట్లను, ఫోను ఫొటోలను దారంలోకి తెచ్చిన కళాకారులు చాలామందే ఉన్నారు. వాళ్ల పని చూసి అబ్బురపడేవాళ్లు ఉన్నట్టే, 'ఉన్న ఫొటోను మళ్లీ కుట్టడం ఎందుకు?' అని అడిగేవాళ్లూ ఉన్నారు. అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. జవాబు వెతకాలంటే ముందు సూది ఏం చేస్తుందో, పిక్సెల్ ఏం చేస్తుందో చూడాలి.

కుట్టు వేరు, నేత వేరు

ఎంబ్రాయిడరీ అంటే అప్పటికే తయారైన బట్ట మీద సూదీదారంతో బొమ్మ వేయడం. బట్ట ముందు, బొమ్మ తరువాత. కాడ కుట్టు, గొలుసు కుట్టు, ముడి కుట్టు, ఇంటూ గుర్తులా ఉండే క్రాస్ స్టిచ్ అన్నీ ఈ కోవలోవే. చిత్రనేతలో అలా కాదు. అక్కడ బట్టా బొమ్మా ఒకేసారి పుడతాయి, అడ్డంగా సాగే రంగురంగుల పేక దారాలే బొమ్మ అవుతాయి. ఈ తేడా చాలాచోట్ల కలగాపులగం అవుతుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పనిచేసే ఎరిన్ రైలీని ఎంబ్రాయిడరీ కళాకారిణి అని కొందరు రాస్తుంటారు. నిజానికి ఆమెది నేత. తానే రంగు అద్దుకున్న ఉన్నితో, యువతులు అద్దం ముందు నిలబడి తీసుకున్న సెల్ఫీలను గోడ నిండేంత పెద్దగా నేస్తారు. చాలావాటిలో ముఖం పూర్తిగా కనిపించదు. ఒక్కరికి చూపించడానికి పడకగదిలో తీసుకున్న ఫొటో, గ్యాలరీ గోడ మీద అందరి ముందూ వేలాడుతుంది.

మూడో దారి కూడా ఉంది. అందులో ఫొటో కాగితాన్నే సూదితో పొడుస్తారు. అమెరికాకు చెందిన డయాన్ మేయర్ అలా చేస్తారు. ఒకప్పుడు బెర్లిన్ గోడ సాగిన దారి వెంట ఫొటోలు తీసి, కొన్ని భాగాల మీద క్రాస్ స్టిచ్ వేశారు. కుట్టు పడిన మేర దృశ్యం చిన్న చిన్న చతురస్రాలుగా మసకబారి, నెట్ సరిగా అందనప్పుడు తెర మీద విరిగిపోయే బొమ్మలా కనిపిస్తుంది. చాలా చోట్ల ఆ చతురస్రాలు సరిగ్గా గోడ ఒకప్పుడు నిలబడిన చోటే ఉంటాయి. గోడ పోయింది, దాని ఆకారం దారంగా తిరిగొచ్చింది. కుటుంబ ఫొటోలకు కూడా ఆమె ఇదే పని చేశారు. ఫొటో చూసేటప్పుడు మనం మొదట వెతికేది ముఖాన్నే కదా, అదే చాలాసార్లు కుట్ల కింద ఉండిపోతుంది.

ఒక ఫొటోలో ఎన్ని కుట్లు?

పిక్సెల్ అంటే తెర మీద ఒకే రంగుతో వెలిగే అతి చిన్న గడి. క్రాస్ స్టిచ్ కూడా గళ్ల బట్ట మీద ఒక గడిని ఒకే రంగుతో నింపుతుంది. అందుకే 'క్రాస్ స్టిచ్ అంటే చేత్తో చేసిన పిక్సెల్' అని తేలిగ్గా అనేస్తారు. లెక్క వేస్తే ఆ పోలిక ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో చతురస్రపు ఫొటో సాధారణంగా నిలువునా అడ్డంగా 1080 పిక్సెళ్లు. మొత్తం 11,66,400. క్రాస్ స్టిచ్‌కు ఎక్కువగా వాడే గళ్ల బట్టలో అంగుళానికి 14 గళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో ఇంటూ వేస్తే బట్ట ఒక్కో వైపు 77 అంగుళాలు, అంటే ఆరడుగుల పైమాటే. చెయ్యి తిరిగినవారు గంటకు 200 ఇంటూలు వేస్తారనుకుందాం. 5,832 గంటలు పడుతుంది. రోజుకు 8 గంటల చొప్పున, ఒక్క సెలవూ లేకుండా 729 రోజులు. రెండేళ్లకు ఒక్క రోజు తక్కువ. ఫోను ఆ ఫొటో తీయడానికి తీసుకున్నది సెకనులో ఏ వందో వంతో.

అంత పని ఎవరూ పెట్టుకోరు. బొమ్మను 100 గళ్లకు 100 గళ్లుగా కుదిస్తారు. పదివేల ఇంటూలు, 50 గంటల పని, ఏడంగుళాల బట్ట. ఇప్పుడు ఒక్కో ఇంటూ సుమారు 117 పిక్సెళ్ల బరువు మోయాలి. ఆ 117లో ఏ రంగు నిలవాలో ఎవరో ఒకరు తేల్చాలి. తెర చూపించగల రంగులు 1 కోటీ 67 లక్షల పైచిలుకు. పేరున్న కంపెనీ దారాల డబ్బా మొత్తం కొన్నా వచ్చేవి సుమారు 500 రంగులు.

ఒక్క కన్నును దగ్గరగా చూద్దాం. మనిషి ముఖం వెడల్పు దాదాపు అయిదు కళ్లంత ఉంటుందని బొమ్మలు వేసేవాళ్ల లెక్క. మన ఏడంగుళాల బట్టలో ముఖం 60 గళ్లు ఉంటే కన్నుకు దక్కేది 12 గళ్ల వెడల్పు, నాలుగైదు గళ్ల ఎత్తు. నల్లగుడ్డుకు మూడు గళ్లు. కంటిలో మెరుపుకు ఒకే ఒక్క గడి, ఒకే ఒక్క తెల్ల ఇంటూ. అది ఒక గడి పక్కకు జరిగితే ఎదురుగా చూస్తున్న అమ్మాయి పక్కకు చూస్తున్నట్టు అవుతుంది. ఒక గడి కిందికి దిగితే చూపులో ఏడుపు కనిపిస్తుంది. తప్పు పడితే విప్పాలి. రెండుసార్లు విప్పితే ఆ రంధ్రం వదులై, అక్కడ పని జరిగిందని బట్టే చెప్పేస్తుంది.

ఫిల్టర్‌కూ కుట్టుకూ ఉన్న తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. రెండూ ముఖాన్ని మారుస్తాయి. ఫిల్టర్ చర్మాన్ని నునుపు చేసేటప్పుడు ఏ మచ్చ తీసేయాలో మనల్ని అడగదు. సూది మాత్రం ప్రతి రంధ్రం దగ్గరా ఆగి అడుగుతుంది. సెల్ఫీ కుట్టే కళాకారిణి తన ముఖంలోని ప్రతి గడికీ ఒక నిర్ణయం తీసుకుంటుంది. ఈ కళలో అసలు పని ఆ నిర్ణయాలే. 'నెమ్మదితనం' వాటికయ్యే ఖర్చు.

ట్వీటు పోయింది, దారం ఉంది

2018 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తనను తాను ఎంతో నిలకడ గల మేధావిగా చెప్పుకుంటూ ట్వీట్ చేశారు. డయానా వైమార్ అనే కళాకారిణి తన అమ్మమ్మ కాలం నాటి, సగంలో ఆగిన పూల కుట్టు ఒకటి తీసి, ఆ పూల మీదే ఆ మాటను కుట్టారు. తరువాత ఆయన మాటలను ఎవరైనా ఇలా కుట్టి పంపవచ్చని పిలుపిచ్చారు. 'టైనీ ప్రిక్స్' పేరుతో మొదలైన ఆ పనికి అనేక దేశాల నుంచి వేలాది గుడ్డముక్కలు వచ్చాయి. చేతిరుమాళ్ల మీద, టీ కప్పుల కింద వేసే గుడ్డల మీద, లేసు అంచుల మధ్య కోపంగా టైపు చేసిన వాక్యాలు.

ఇక్కడ కుట్టినది బొమ్మ కాదు, మాట. కానీ సామాజిక మాధ్యమంలో ఒక మనిషి నిర్మించుకునే రూపం ఫొటోలతోనే తయారు కాదు. 2021 జనవరి 8న ట్విటర్ ట్రంప్ ఖాతాను మూసేసింది. రోజూ తెర మీద కనిపించిన ఆ మాటలు ఒక్కసారిగా అక్కడ లేకుండా పోయాయి. గుడ్డల మీదివి మాత్రం ఉన్నాయి. 2022 నవంబరులో ఖాతా తిరిగి తెరిచారు, ట్వీట్లు మళ్లీ కనిపించాయి. ఒక కంపెనీ తలచుకుంటే పోయేదీ, తలచుకుంటే వచ్చేదీ ఒకటి. అమ్మమ్మ పూల మీద కుట్టు ఇంకొకటి. రెండిటినీ పక్కపక్కన పెట్టడమే వైమార్ పని సాధించినది.

నెమ్మదితనం మీద వాదన

ఈ కళను మెచ్చుకునేవాళ్లు మొదట చెప్పేది కాలం గురించే. వేలితో పైకి తోసేసే బొమ్మ దగ్గర యాభై గంటలు కూర్చోవడం ఒక రకం ధిక్కారం అంటారు. దీనికి గట్టి ఉదాహరణ ఐవరీ కోస్ట్‌కు చెందిన జోవానా షుమాలీ. 2016 మార్చిలో ఆ దేశపు సముద్రతీర పట్టణం గ్రాండ్ బస్సాంలో ఉగ్రవాద దాడి జరిగింది. కొన్ని వారాల తరువాత ఆమె అక్కడి వీధుల్లో ఒంటరిగా నడుస్తున్న, ఊరికే కూర్చున్న మనుషులను ఫోనుతో ఫొటోలు తీశారు. వాటిని కాన్వాస్ మీద ముద్రించి, మీద రంగు దారాలతో కుట్టారు. 'సా వా అలే' అని పేరు పెట్టారు. 'అంతా సర్దుకుంటుంది' అని అర్థం. గుండెలో బాధ ఉన్నా పైకి అనేసి ముందుకు సాగిపోయే మాట అది. ఆ పనికి 2019లో, ఫొటోగ్రఫీకి ఇచ్చే ప్రీ పిక్టే పురస్కారం దక్కింది. ఆ పురస్కారం అందుకున్న తొలి ఆఫ్రికా కళాకారిణి ఆమె. ఫోను ఫొటో అక్కడితో ఆగి ఉంటే వేల ఫొటోల్లో ఒకటయ్యేది. ఆ మనుషుల మీద దారం నడిపిన గంటలు వాళ్ల పక్కన కూర్చున్న గంటలు.

ఎదురు వాదన కూడా బలమైనదే. ఎక్కువ సమయం పట్టినంత మాత్రాన ఏదీ గొప్ప కళ కాదు. కష్టాన్ని చూసి కలిగే ఆశ్చర్యాన్ని బొమ్మ గొప్పతనంగా పొరబడుతున్నామని కొందరు విమర్శకులు అంటారు. 'ఇది దారమా! ఫొటో అనుకున్నాను' అన్నది మెప్పు అయితే, ఆ కుట్టు ఫొటోకు నకలు మాత్రమే అవుతుంది. ఇంకో అభ్యంతరం మరింత సూటిగా తగులుతుంది. తెరను ప్రశ్నించే కళ కూడా తెర మీదే బతుకుతోంది. కుట్టే కళాకారుల్లో చాలామందికి పేరు వచ్చింది ఇన్‌స్టాగ్రామ్ వల్లనే. అక్కడ కుట్టు మళ్లీ చదునైన పిక్సెళ్లుగా మారుతుంది. దారం ఎత్తుపల్లాలు కనిపించవు, గుడ్డ వెనుక వైపు అసలే కనిపించదు.

వెనుక వైపు అన్నాను కాబట్టి ఒక మాట. ఎంబ్రాయిడరీ నేర్పేవాళ్లు పనిని తిప్పి చూసి మార్కులు వేస్తారు. ముందు ముఖం చక్కగా ఉన్నా, వెనుక ఒక రంగు నుంచి ఇంకో రంగుకు అడ్డదిడ్డంగా సాగిన దారాలు, ముడులు, తొందరపడి తెంపిన చివరలు దొరికిపోతాయి. పోస్టు చేసే ఫొటోకు అలాంటి వెనుక వైపు ఉండదు. పక్కన పెట్టిన ముప్పై సెల్ఫీలు ఎవరికీ కనిపించవు. ప్రదర్శనల్లో కుట్టు పనులను గోడకు ఆనించకుండా రెండు వైపులా కనిపించేలా వేలాడదీస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

మగ్గం దగ్గరికి వచ్చే స్క్రీన్‌షాట్

తెర మీది బొమ్మను దారంలోకి మార్చడం మన ఊళ్లలో రోజూ జరుగుతోంది. పెళ్లిళ్ల కాలంలో ఏ మగ్గం వర్క్ దుకాణంలోనైనా ఒక గంట కూర్చుంటే చాలు. ఒకామె ఫోను తీసి, సినిమా తార జాకెట్టు ఫొటో చూపించి 'అచ్చం ఇలాగే కావాలి' అంటుంది. అవతలి మనిషి రెండు వేళ్లతో ఆ ఫొటోను పెద్దది చేస్తాడు. పెద్దది చేసే కొద్దీ బొమ్మ మసకబారుతుంది. అది పూసా, ముడి కుట్టా, జరీ చుట్టా అన్నది అతను అనుభవంతో ఊహించాలి. తరువాత ఆ డిజైన్‌ను పల్చటి కాగితం మీద గీస్తాడు, గీత పొడవునా సూదితో బెజ్జాలు పొడుస్తాడు. కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడితో రుద్దితే చుక్కల గీత బట్ట మీదికి దిగుతుంది. చట్రానికి బిగించిన ఆ బట్ట మీద కొక్కెపు సూది అప్పుడు పని మొదలుపెడుతుంది.

117 పిక్సెళ్లలో ఏది నిలవాలో తేల్చే పని ఇక్కడా జరుగుతోంది. అయినా దాన్ని కూలిపని అంటాం, గ్యాలరీలో ఉన్నదాన్ని కళ అంటాం. ఈ గీత ఎక్కడ గీశారన్నది హన్నా హిల్ పిడికిలి అడిగిన ప్రశ్నే. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం లేసు అల్లికలు దానికి మన దగ్గరి సాక్ష్యం. అవి ఎంబ్రాయిడరీ కాదు, క్రోషే సూదితో చేసే అల్లిక. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన ఆ పని మీద 1970ల చివర జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పరిశోధన చేశారు. రోజుకు గంటల తరబడి అల్లి, విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న స్త్రీలను 'ఇంట్లో ఖాళీగా ఉండి తీరిక వేళ అల్లుకునే గృహిణులు'గా లెక్కకట్టడం వల్లే వారికి అంత తక్కువ కూలి ముట్టిందని ఆమె చూపారు. 'ఆడవాళ్ల పని' అన్న ముద్ర గౌరవంతో పాటు డబ్బునూ తగ్గించింది.

కళాకారులు, చేతిపనివారు వేరనే వాదనలోనూ కొంత పస ఉంది. జాకెట్టు కుట్టేవారు అడిగినదాన్ని అడిగినట్టు ఇవ్వాలి, కళాకారిణి ఏం కుట్టాలో, ఎందుకు కుట్టాలో తానే నిర్ణయించుకుంటుంది. హైదరాబాద్‌కు చెందిన వరుణిక సరాఫ్ 2018లో మొదలుపెట్టిన 'వుయ్, ద పీపుల్' చూస్తే ఆ తేడా తెలుస్తుంది. స్వతంత్ర భారత చరిత్రలోని ఘట్టాలు, నిరసనలు, గాయాలు 76 ఎంబ్రాయిడరీలుగా అందులో ఉన్నాయి. వార్తగా వచ్చి రేపటికి మరుగున పడే దృశ్యాల్లో ఏది మరవకూడదో ఎంచుకున్నది ఆమే. కానీ ఎంచుకునే స్వేచ్ఛ లేకపోవడం నైపుణ్యం లేకపోవడం కాదు. మగ్గం దగ్గర కూర్చున్న మనిషికి ఆ స్వేచ్ఛ ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు, అంతే.

బొమ్మ ఎవరిది?

కుట్టు మీది, దారం మీది. ఫొటో మీదేనా? భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తి. అందులో ఉన్న వ్యక్తి కాదు. మీ సెల్ఫీని మీరు కుడితే పేచీ లేదు. మీ పుట్టినరోజున స్నేహితురాలు తీసిన మీ ఫొటో అయితే ముఖం మీది, ఫొటో హక్కు సాధారణంగా ఆమెది. ముక్కూమొహం తెలియని మనిషి పోస్టు నుంచి తీసుకుంటే రెండూ మీవి కావు. అందరికీ కనిపించేలా పెట్టినంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదు. ఒక కళాకృతిని ఏ పదార్థంలో తిరిగి తయారుచేసినా పునరుత్పత్తి కిందికే వస్తుంది కాబట్టి, 'నేను దారంతో చేశాను' అన్న ఒక్క మాట సరిపోదు. సొంత అభ్యాసానికి, విమర్శకు చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. ఎంతవరకు అన్నది కేసును బట్టి కోర్టులు చూస్తాయి.

కుట్టుతో సంబంధం లేకపోయినా ఇక్కడ అందరూ చెప్పుకునేది అమెరికన్ కళాకారుడు రిచర్డ్ ప్రిన్స్ కథ. ఇతరుల ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలకు కింద తన వ్యాఖ్య చేర్చి, కాన్వాస్ మీద పెద్దగా ముద్రించి 2014లో ప్రదర్శించారు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దావా వేశారు. 2024 జనవరిలో వారికి నష్టపరిహారం చెల్లించేలా తీర్పులు నమోదయ్యాయి. అదే ఫొటోను యాభై గంటలు కుట్టి ఉంటే న్యాయం మారేదా? కష్టం ఎక్కువైనంత మాత్రాన ఎదుటివారి హక్కు తగ్గదు. అయినా కుట్టేవారికి మనసు మార్చుకునేందుకు యాభై గంటలు ఉంటాయి. అపరిచితురాలి కన్నులో ఆ ఒక్క తెల్ల ఇంటూ వేసేటప్పుడు, ఈమెను అడిగానా అన్న ప్రశ్న రాకుండా ఉండటం కష్టం.

దారి తప్పే దారాలు

కృత్రిమ మేధతో తయారైన ఎంబ్రాయిడరీ బొమ్మలు ఇప్పుడు సామాజిక మాధ్యమాల్లో విపరీతంగా తిరుగుతున్నాయి. దూరం నుంచి నిజంలాగే ఉంటాయి. దగ్గర నుంచి ఒక్క దారాన్ని పట్టుకుని వెంట నడవండి. నిజమైన దారం ఒక రంధ్రంలోంచి పైకి వచ్చి, ఇంకో రంధ్రంలోకి దిగుతుంది. నకిలీ బొమ్మలో అది మధ్యలో ఇంకో దారంలో కరిగిపోతుంది, లేదా ఎక్కడా దిగకుండా ముగుస్తుంది. గొలుసు కుట్టులో ఒక వలయం ముందుదాన్ని పట్టుకోదు. ఇలాంటి బొమ్మలు చూపించి కుట్టు నమూనాలు అమ్ముతున్నారు. కొన్నవారు సూది పట్టుకుని కూర్చున్నాక ఆ బొమ్మను ఏ చెయ్యీ కుట్టలేదని, కుట్టడం కుదరదని తెలుసుకుంటున్నారు.

ఎర్ర దారం

తన గురించి తాను నలుగురికి చెప్పుకోవడానికి దారం వాడటం ఫోనులతో మొదలవలేదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1830 ప్రాంతపు నార బట్ట ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో ఇళ్లలో పనిచేసిన ఎలిజబెత్ పార్కర్ అనే యువతి కుట్టినది. ఆ కాలపు అమ్మాయిలు అక్షరాలు, పూలు, నీతివాక్యాలు కుట్టి తమ పనితనం చూపించేవారు. వాటిని చట్రం కట్టి గోడకు తగిలించేవారు. పార్కర్ బట్ట మీద ఒక్క పువ్వు లేదు. తనకు రాయడం రాదని, అందుకే ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టు ఇలా చెబుతున్నానని మొదలుపెట్టి, పనిచేసిన ఇంట్లో పడిన హింసను, చనిపోవాలనిపించిన రోజులను చిన్న చిన్న ఎర్ర ఇంటూలతో వరుస వెంట వరుసగా కుట్టింది. ఎవరు చదువుతారనుకుందో తెలియదు. చివరి వాక్యంలో తన ఆత్మ ఏమైపోతుందోనని అడుగుతూ, చుక్క కూడా పెట్టకుండా ఆపేసింది.